ఫ్యాను కింద చోటు

మొన్న ఆదివారం పాస్టరుగారి ప్రసంగం మధ్యలో ఫ్యాను టకటకమంది. అందరికీ అది చప్పుడే. నాకు మాత్రం సుగుణమ్మ టీచరుగారు బల్ల మీద కొట్టి, "ఏరా, నిద్రా, ధ్యానమా?" అని అడిగినట్టుంటుంది. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు చెప్పింది ఆవిడే.

ఉప్పలగుప్తం దగ్గర మా ఊళ్ళో బడిలో పనిచేసి రిటైరై, చర్చిలో సండేస్కూలు చెప్పేవారు. రిటైరైన సంగతి ఆవిడ గొంతుకి ఎవరూ తెలియజేయలేదు. నేను ఆవిడ దగ్గర బైబిలు వాక్యాలు బట్టీపట్టి, పెద్దయి, అమలాపురంలో ఉద్యోగంలో చేరి, ఇక భక్తి పూర్తయిందనుకున్నవాణ్ణి. మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తడి వంశమంతటికీ సరిపోతుందని మా ఇంట్లో నమ్మకం.

కొత్త సంవత్సరం ఆరాధనలో మా సంఘంలో ఒక్కొక్కరూ లేచి, గడిచిన ఏడు దేవుడు చేసిన మేలు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. నాకూ ఒకటుంది: చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే దేవుడు బాగుచేశాడు. ఏటా అదే చెప్పి కూర్చునేవాణ్ణి. అందరికీ కంఠస్థం కాబట్టి "ఆమేన్" కూడా సరిగ్గా సమయానికే పడేది. ఒక ఏడు ఆరాధన అయ్యాక టీచరుగారు మెట్ల దగ్గర ఆపారు.

"ఆ జ్వరం మూడో క్లాసులో వచ్చింది కదరా?"

"ఆయ్, అవునండీ."

"ఇప్పుడు నీకు ఇరవయ్యారు. ఇంకా తగ్గుతానే ఉందా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నువ్వు కూర్చుంటున్నావే, ఫ్యాను కింద. ఆ చోటు ఎవరిది?"

"ఏసోబు తాతదండీ."

"ఎన్నాళ్ళయింది ఆయన రాక?"

"నాలుగు నెలలండీ," అన్నాను ఠక్కున. గాలి దొరికిన రోజు ఎవరు మరిచిపోతారు?

"ఎందుకు రావట్లేదు?"

"కనుక్కోలేదండీ," అన్నాను.

ఆ సాయంత్రమే టీచరుగారిని బండెక్కించుకుని కాలవగట్టు చివర ఏసోబు తాత ఇంటికి వెళ్ళాను. షుగరు వల్ల పాదానికి పుండు పడి, కట్టుతో అరుగు మీద మంచంలో ఉన్నాడు. ఒంటరి మనిషి. దారి పొడుగునా మంచి క్షమాపణ ఒకటి తయారుచేసుకున్నాను. ఆయన నాకు అవకాశమే ఇవ్వలేదు.

"బాబూ, ఫ్యానుకి నూనె ఎవరేత్తన్నారు? నెలనెలా ప్రభువు బల్లకి ముందు శనివారం నేనే నిచ్చెనెక్కి ఏసేవోణ్ణి. అది టకటకమంటే ఎనక కూచున్నోళ్ళకి వాక్యం ఇనపడదు కదా. అందుకే కనిపెట్టుకుని దాని కిందే కూకునేవోణ్ణి."

నాలుగు నెలలుగా అది నా నెత్తిమీదే మొత్తుకుంటోంది. ఒక్కసారీ పైకి చూడలేదు. ప్రార్థనలో కూడా చూడలేదు; అప్పుడు కళ్ళు మూసుకుంటాం కదా.

లేవబోతుంటే ఆయన టీచరుగారితో మెల్లగా అన్నాడు: "ఒక్కసారి అందరితో కూచుని ప్రభువు బల్ల తీసుకోవాలనుందమ్మగారూ. నడవలేనే." టీచరుగారు నా వైపు చూశారు. పెట్రోలు కొట్టించమని వేరే చెప్పక్కర్లేకపోయింది.

రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ నెల బల్ల ఆదివారం ఆయన్ని బండి మీద తెచ్చాను. కట్టున్న కాలు పక్కకి చాపి, రెండు చేతులా నా చొక్కా పట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా, "మెల్లగా బాబూ, పరలోకానికి ఇంకా టైముంది," అనేవాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టాను. ముందురోజే నూనె వేశాను కాబట్టి అది నోరెత్తలేదు. రొట్టెముక్కని ఆయన రెండు చేతులా అందుకున్నాడు. నేను గుమ్మం దగ్గర చెమటలో నిలబడి, మొదటిసారి కళ్ళు తెరుచుకుని ప్రార్థన చేశాను.

మళ్ళీ కొత్త సంవత్సరం వచ్చింది. లేచి నిలబడ్డాను. టైఫాయిడ్ నాలుక చివర సిద్ధంగానే ఉంది. "గడిచిన ఏడు ఫ్యానుకి నూనె వేసేనండీ," అని కూర్చున్నాను. సంఘమంతా నవ్వింది. నా బండి మీదే వచ్చిన ఏసోబు తాత ఒక్కడే "ఆమేన్" అన్నాడు. మెట్ల దగ్గర టీచరుగారు నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "తగ్గిందిరా," అన్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. టీచరుగారు పోయినప్పుడు నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను గానీ, చర్చిలో చాలామంది చూశారు. నా చోటు ఇప్పటికీ గుమ్మం దగ్గరే. గాలి రాదు, అందరూ కనబడతారు. మొన్న టకటక విని పైకి చూసి, అలవాటుగా కిందికీ చూశాను. కిటికీ పక్కన, చేపలమ్మే మార్తమ్మ పిన్నిగారి చోటు ఖాళీ. పోయిన వారమూ ఖాళీయే. పాస్టరుగారు ఇంకా రెండో అంశంలోనే ఉన్నారు. జేబులో బండి తాళం ఉందో లేదో తడుముకున్నాను.