మూత తీయని సీసా

నాచారంలో మందుల కంపెనీ మూతపడేదాకా పంతొమ్మిదేళ్లు నర్సయ్య సీసాలు కడిగాడు. కడిగిన సీసాను వెలుతురుకు పట్టి చూసి, చిన్న మరక కనబడితే ఎవరూ అడగకపోయినా మళ్లీ కడిగేవాడు. ఆ మంచిపేరు మీదే ఉప్పల్‌లో ఒక నీటి పరిశోధన ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పని చిన్నదే. వారానికి రెండుసార్లు మల్లాపూర్ వెళ్లి, అక్కడి బోరు నీళ్లు ఒక సీసాలోనూ, అవే నీళ్లు మెంబ్రేన్ అనే వడపోత పొర దాటి వచ్చాక మరో సీసాలోనూ పట్టి, ఐసు డబ్బాలో పెట్టి తేవాలి.

ఆ బోరు అంగన్‌వాడీ పక్కనే ఉంది. ఎక్కడెక్కడి మురుగుతోనో కలిసి దిగిన మందుల అవశేషాలు ఆ నీళ్లలో ఉన్నాయి. గ్రామును నూరు కోట్ల వంతులు చేస్తే అందులో కొన్ని వంతులు, లీటరుకు. కంటికి కనబడవు, నాలుకకు తెలియవు. కానీ తాగేది మూడేళ్ల పిల్లలు. పల్చటి పొర గుండా నీటిని బలంగా నెడితే నీళ్లు దాటుతాయి, మందులు ఆగుతాయి అన్నది ప్రయోగం. నిజంగా ఆగుతున్నాయని తేలేదాకా, శుద్ధి అయిన నీళ్లు వచ్చే అంగన్‌వాడీ నల్లాకు తాళమే.

"నర్సయ్యన్నా, నల్లా ఎప్పుడు ఇడుస్తరు? పోరలు గా బోరు నీళ్లే తాగుతున్రు," అని వెళ్లినప్పుడల్లా రెబెక్కా టీచరు అడిగేది.

"నేను మోసెటోన్ని టీచరమ్మా, ఇడిసెటోన్ని గాదు."

ఆయన భార్య దోర్కా గార్మెంటు కంపెనీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడీ నిలబడీ మోకాళ్లు పోగొట్టుకుంది. రోజూ పొద్దున డ్యూటీకి పోయేముందు నర్సయ్య ట్యూబు పిండి, నొప్పుల మందు పావుగంటసేపు ఆమె మోకాళ్లకు రుద్దేవాడు.

"జర మెల్లగ! సీసా తోముతున్నవా ఏంది?"

"సీసా అయితె గింత లొల్లి పెట్టది."

"పెండ్లప్పుడు మా నాయినకు ఏం జెప్పినవ్? పువ్వులల్ల పెట్టి సూసుకుంట అంటివి."

"గా పువ్వులే ఇవి. వాసన సూడు."

దోర్కా నవ్వేది. ఆయన సబ్బుతో చేతులు కడుక్కుని సంచి భుజాన వేసుకునేవాడు.

పదమూడు నెలలు గడిచాయి. మెంబ్రేన్ షుగరు మందును ఆపింది, యాంటీబయాటిక్కులను ఆపింది. డైక్లోఫెనాక్ అనే మందు ఒక్కటి మాత్రం శుద్ధి అయిన నీళ్లలోనూ ప్రతిసారీ కనబడుతూనే ఉంది. ప్రయోగం చూసే దుర్గాభవాని మెంబ్రేన్‌ను రెండుసార్లు మార్చింది. అయినా అంతే. ఇలాగే ఉంటే వచ్చే నెలాఖరు మీటింగులో ఆ శుద్ధి యూనిట్‌ను ఎత్తేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

ఆ రోజుల్లోనే దోర్కాకు జ్వరం వచ్చింది. ముసురు పట్టిన వారం. జ్వరం ఊపిరితిత్తులకు పాకింది. ఐదు రోజులు దవాఖానాలో ఉండి, ఆదివారం పొద్దున పోయింది. నర్సయ్య పది రోజుల తర్వాత డ్యూటీకి వచ్చాడు. ఆయన లేనన్నాళ్లు మల్లాపూర్‌కు ఎవరూ పోలేదు.

తర్వాత మూడుసార్లు తెచ్చిన శుద్ధి నీళ్లలో డైక్లోఫెనాక్ జాడ కూడా లేదు.

"సంతోషపడాల్నో భయపడాల్నో తెలుస్తలేదు నర్సయ్యన్నా," అంది దుర్గాభవాని. "మెంబ్రేన్ గదే, పంపు గదే. నువ్వు లీవుకు పోయేదాక ఉన్నది, వచ్చినంక లేదు. ఎందుకు మారిందో చెప్పకపోతే మీటింగుల ఒక్కరు గూడ నమ్మరు. యూనిట్ లేపేస్తరు."

"ఏం మందు మేడం అది?"

"నొప్పులది. గోళీలుంటయ్, రుద్దుకునే ట్యూబులుంటయ్."

నర్సయ్య ఇంటికి వెళ్లి గూట్లో ఉన్న ట్యూబు తీశాడు. సగానికి పైగా మందు ఇంకా ఉంది. దాని మీది ఇంగ్లీషు ఆయనకు చదవరాదు. చదవాల్సిన పని కూడా లేకపోయింది.

ట్యూబు సంగతి చెప్పడం కష్టం కాదు. కష్టం మూడో సీసాతో. పరమ శుద్ధమైన నీళ్లు నింపిన సీసా ఒకటి ల్యాబువాళ్లు ప్రతిసారీ సంచిలో పెట్టేవారు. దాన్ని మల్లాపూర్‌లో మూత తీసి, మిగతావాటిలాగే పట్టుకుని, మళ్లీ బిగించి తేవాలి. చేతుల నుంచో గాలి నుంచో ఏదైనా అంటితే ఆ సీసా పట్టిస్తుంది. నర్సయ్య దాని మూత ఒక్కసారీ తీయలేదు. అంత శుభ్రమైన నీళ్లను ఆ దుమ్ములో తెరవడానికి ఆయనకు మనసొప్పలేదు. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తెచ్చి, తెరిచినట్టు ఫారంలో టిక్కు పెట్టాడు. ఇది చెబితే ఉద్యోగం ఉండకపోవచ్చు.

మర్నాడు ట్యూబు తెచ్చి దుర్గాభవాని బల్ల మీద పెట్టాడు. అంతా చెప్పాడు. ఆమె ట్యూబు తిప్పి చదివింది.

"గ్లౌజులు ఏస్కుంటవు గదా అన్నా?"

"ఏస్కుంట మేడం. డబ్బల కెల్లి గుంజేది వట్టి చేతులతోనే గద."

"మరి మూత తియ్యకనే తీసిన్నని ఎందుకు రాసినవ్?"

"ఖరాబు చేయబుద్ది గాలే మేడం."

ఆమెకు కోపం వచ్చింది. ట్యూబు ఆయన ముందుకు తోసింది. "రోజు ఎట్ల చేస్తుంటివో ఇప్పుడు గట్లనే చెయ్యి," అంది.

నర్సయ్య ప్యాంటు పైకి మడిచి, తన మోకాలికే రుద్దుకోవడం మొదలుపెట్టాడు. చెయ్యి మెల్లగా, గుండ్రంగా తిరిగింది. ఎంతసేపటికీ ఆపలేదు. "చాలన్నా" అని ఆమె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు లేచి సబ్బుతో చేతులు కడుక్కుని, డబ్బాలోంచి గ్లౌజులు లాగి తొడుక్కుని, మూడో సీసా మూత మొదటిసారి తీశాడు.

పరీక్ష మిషన్‌కు ఆ సీసాలో డైక్లోఫెనాక్ దొరికింది. పదమూడు నెలలు దొరికినంతే.

మీటింగులో యూనిట్‌ను ఉంచాలని తేల్చారు. ఇంకో మూడు నెలలు వేరే మనిషి నీళ్లు పట్టాడు. అన్నీ శుభ్రంగా వచ్చాయి. అంగన్‌వాడీ నల్లా తాళం తీశారు. తప్పుడు టిక్కులకు నర్సయ్యను సీసాలు కడిగే గదికి మార్చారు.

చివరికి పాత రిజిస్టరు సరిచేయాల్సి వచ్చింది. దుర్గాభవాని ఆయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"డైక్లో అంకెలన్నీ కొట్టేయాలె అన్నా. ఒక్కోదాని పక్కన నువ్వు సంతకం పెట్టాలె."

"మొత్తమే చెరిపేస్తరా మేడం?"

"లేదు. మీద ఒక్క గీతనే. కింద అంకె చదవొచ్చేటట్టు ఉంచాలె, రూలు గంతే."

ఆమె స్కేలు పెట్టి గీత గీస్తోంది. ఆయన సంతకం పెడుతున్నాడు. నూటికి పైగా ఉన్నాయి. ఆఖరి పేజీలో ఆఖరి అంకె దగ్గర ఆయన పెన్ను ఆగింది. పైన ఉన్నవాటన్నిటికంటే అది దాదాపు రెండింతలు.

"ఇదెందుకో మస్తు ఎక్కువున్నది," అంది ఆమె.

"దవాఖానకు పోకముందు శుక్రవారం," అన్నాడు నర్సయ్య. "ముసురుకు నొప్పులు ఎక్కువైనయ్. ఇంకొక్కసారి రుద్దుమన్నది."

ఆమె స్కేలు పక్కన పెట్టింది. కాసేపటికి ఆయనే స్కేలు తీసి, గీత వంకర పోకుండా నిదానంగా గీసి, పక్కన సంతకం పెట్టాడు.