దారి వంకరకు తెలుసు

మా ఫిజిక్స్ సారు పోయినారని పొద్దున్నే ల్యాబ్ అటెండరు ఫోన్ చేసినాడు. నా నోట వచ్చిన మొదటి మాట, "మరి నా స్లైడు?" సంతాపానికి తగిన మాట కాదు, చదివేవాళ్ళు క్షమించాలి. ఆ రోజు సారు రావాల్సింది మైక్రోస్కోపు కింద ఆ స్లైడు చూడ్డానికే.

సారు చదువంతా ఒక నీటిబొట్టులో ఉండేది. అందులో కంటికి ఆనని క్రిములు ఈదుతుంటాయి. వాటి మధ్య గుండ్రటి నలుసు వేస్తే ఉన్నచోటే కొట్టుకులాడుతుంది. బాణం మొనలా వంచిన నలుసు వేస్తే, క్రిములు దాని ఒంపులో ఇరుక్కొని, తోసి తోసి, మొన ఉన్న వైపుకే నడిపిస్తాయి.

"దారి క్రిములకు తెలుసా సార్?"

"తోసేవాటికి ఏమీ తెలీదప్పా. వంకరకు తెలుసు."

నాకు అర్థం కాలేదు. తల మాత్రం గంభీరంగా ఊపినాను.

ఆ ఊపుడుకు మోసపోయే మనిషి కాదు. సాయంత్రం నన్ను తిరుపతి బస్టాండుకు లాక్కుపోయినారు. ఆయన ఊరు పూతలపట్టుకు పోయే బస్సు రాగానే జనం ఎగబడినారు. సారు తలుపుకు ఎదురుగా నిలబడి, మోచేతులు రెండూ వెనక్కి చాపినారు. సంచులు, బుట్టలు, ఒక పెద్దావిడ, అన్నీ వచ్చి ఆ ఒంపులో పడినాయి.

"ఏందప్పా, పుంజు మాదిరి ఆ రెక్కలేంది? మూసుకో!"

"తోయమ్మా, పున్నెముంటాది."

ఆమె తోసింది. సారు మెట్లెక్కేసినారు. పద్ధతిగా చేతులు కట్టుకున్న నేను అదే తోపుకు అరటిపండ్ల బండి చుట్టూ తిరుగుతా ఉన్నాను.

కిటికీలోంచి అరిచినారు: "సూసినావా? నేనేమన్నా నడిచినానా?"

ఆయన చనిపోవడానికి ముందురోజు నా స్లైడులో నలుసొకటి వెనక్కి నడిచింది. మొన ఒక పక్కకుంటే అది ఇంకో పక్కకు. నా తప్పో, కొత్త సంగతో తెలీక ఫోన్ చేసినాను. మొన ఎటుందో సారు రెండుసార్లు అడిగినారు.

"పారేయొద్దబ్బా. నాకూ తెలీడంలా. పొద్దున వచ్చి సూస్తా."

ఆయన నోట 'నాకు తెలీదు' అని వినడం అదే మొదలు.

పూతలపట్టులో వాళ్ళింటి ముందు జనం. నేను గేటు దగ్గరే ఆగిపోయినాను. లోపలికి పోతే, ఇంక సారు వచ్చి చూడరని తేలిపోతుంది కదా. వెనకనుంచి ఒకటే తోపులాట. ఎప్పుడు చాపినానో, నా మోచేతులు వెనక్కి ఉన్నాయి. రెండు నిమిషాల్లో ఆయన పాదాల దగ్గర తేలినాను. నేనేమన్నా నడిచినానా?

ఆ నలుసు వెనక్కెందుకు పోయింది సార్ అని అడగాలని నోటిదాకా వచ్చింది.

ఆయన చేతులు రెండూ పక్కలకు ఒత్తుకుని, తిన్నగా ఉన్నాయి. వాటినట్లా నేనెప్పుడూ చూసి ఎరగను.