బీ సెక్షన్‌లో అక్క కూతురు

మూడో తరగతి టీచరమ్మ చేతిలో పనితనం ఉంది. పాత అట్టపెట్టెలు కోసి, ప్రతి ముక్క మీదా ఒక్కో అక్షరం రాసి, చదవలేని పిల్లల చేత పేర్పించి, విడదీయించి, మాటలు కట్టించేది. ఆ పద్ధతి మీదే విద్యా మనోవిజ్ఞానంలో పీహెచ్‌డీకి చేరింది. కోర్సు పరీక్షలు ఎలాగో గట్టెక్కాయి. ఇక మిగిలింది ప్రయోగం. 'ఏ' సెక్షన్‌లో వెనకబడ్డ పిల్లలకి అట్టలతో నేర్పాలి. 'బీ' సెక్షన్‌లో అలాంటి పిల్లల్ని పోలిక కోసం ఎప్పటిలాగే వదిలేయాలి. ఏడాది ముగిసేదాకా వాళ్లకి అట్టలు చూపించకూడదు, చూపిస్తే థీసిస్ నిలబడదు.

అక్క కూతురు బీలో పడింది.

అక్కకి ఇస్త్రీ దుకాణం. ఓ సాయంత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలదీసింది.

"ఏమే, అందరి పిల్లలకీ చదువొస్తోంది. ఆ అట్టలు ఇంటికి తెచ్చి నా పిల్లకి నేర్పితే నీ సొమ్మేం పోయింది?"

"కుదరదక్కా, పోలిక చెడిపోతుంది."

"అంటే నా పిల్ల నీకు తూకంరాయా?"

"ఒక్క ఏడాది ఓపిక పట్టు. తర్వాత నేనే కూర్చోబెట్టి నేర్పుతాను."

"సర్లే డాక్టరమ్మా! జ్వరానికి మాత్ర రాయడం కూడా రాని డాక్టరు చదువేమిటో నీది!" అక్క నవ్వేసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిల్ల మాత్రం సంచీ దగ్గరకి జరిగింది. "పిన్నీ, నేనూ ఒక్కసారి పేర్చనా?"

టీచరమ్మ సంచీ జిప్పు లాగేసింది.

ప్రయోగం అయ్యాక రాత పని, దిద్దుబాట్లు, పత్రికకి వ్యాసం, సెమినార్. రేపు నేర్పుదాం, సెలవుల్లో నేర్పుదాం అనుకుంటూనే ఉంది. పిల్ల ఆరో తరగతికి వచ్చేసింది.

వైవా నెగ్గిన రోజు టీ తాగుతూ, మాటల మధ్య ఈ సంగతి గైడు గారికి చెప్పింది.

"అదేమిటమ్మా!" అన్నాడాయన. "ఒక్క మాట అడిగి ఉంటే ఆ పిల్లని లెక్కలోంచి తీసేసేవాళ్లం. దానికేం భాగ్యం?"

అడిగితే ఆయన తనని చేతకానిదాని కింద జమకడతాడేమోనని టీచరమ్మ ఇన్నేళ్లూ అడగనేలేదు.

అటు నుంచి అటే అట్టల సంచీతో అక్క ఇంటికి వెళ్లింది. పిల్ల బట్టలు మడతపెడుతోంది.

"రావే, ఇవాళ్టి నుంచి నేర్పుతాను."

"ఇప్పుడెందుకు పిన్నీ? నాకు చదవడం వచ్చుగా!"

పుస్తకం తెచ్చి, తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి, ఎక్కడా తడబడకుండా పాఠం గడగడా చదివింది. అక్క ముఖం వెలిగిపోయింది. "చూశావా, నీ అట్టలు లేకుండానే!"

టీచరమ్మ పిల్ల వేలినే చూస్తోంది. ఎవరో చదువుతుంటే విని, బట్టీ పట్టేసిన పాఠం అది. నోరు మూడో పేరాలో ఉంది. వేలు ఇంకా మొదటి పేరా దాటలేదు.