ఉప్పు లేని ఉగాది

మొన్న బాల్కనీలో పూలకుండీల కలుపు పీకుతుంటే నేల ఉసిరి మొక్క ఒకటి చేతికొచ్చింది. రెమ్మ తిరగేస్తే ఆకుల కింద ఆవగింజల కంటే కాస్త పెద్ద కాయలు, వరసగా కుట్టినట్టున్నాయి. ఊరుకోక వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. ఆ పచ్చి చేదు ముక్కుకు తగిలేసరికి, రాజమండ్రిలో రెండో అంతస్తులో నిలబడి ఉన్న నలభై మూడేళ్ళ మనిషిని కాస్తా ఎనిమిదో తరగతి పిల్లనైపోయాను.

మండపేటకి నాలుగు మైళ్ళ ఇవతల మా ఊరు. నేను, మంగతాయారు, సత్యవేణి ఒక జట్టు. ఫాల్గుణం వెళ్ళే రోజుల్లో దాళ్వా వరిచేలు పొట్టకొచ్చి, మిల్లుల వైపు నుంచి ఉప్పుడు బియ్యం వాసన గాలితోపాటు వచ్చి, ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలన్నీ మావే. వేణి వాళ్ళ అరుగు మీద గచ్చకాయలాడుతూ, గాలికి రాలిన మామిడి పిందెలు పావడా ఒళ్ళో పోసుకుని తింటూ పొద్దు గూకేదాకా లేచేవాళ్ళం కాదు. వేణికి ఉప్పుపిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు! జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని ఉండాల్సిన చోట కల్లుప్పూ కారం కలిపిన పొట్లం ఉండేది. పిందెలు, చింతచిగురు, జామకాయ, ఆఖరికి పచ్చి బియ్యం కూడా అందులో అద్దుకుని తినేది. లెక్కల మాస్టారు ఆ బాక్సు తెరిస్తే చాలు, తరగతంతా తుమ్ములే.

ఆ ఏడు ఒకరోజు మంగతాయారు గచ్చకాయలు ఆపి, "ఏంటే వేణీ, నీ కళ్ళకి పసుపు రాసుకున్నావా?" అంది. అలా బయటపడ్డాయి కామెర్లు. కామెర్లకి ఇంగ్లీషు మందు లేదన్నది మా ఊళ్ళో వేదవాక్కు. పక్క ఊళ్ళో పసరు పోసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళారు. మూడు ఆదివారాలు పరగడుపున పసరు, రోజూ పొద్దున్నే నేల ఉసిరి ముద్ద, నలభై రోజులు చప్పిడి పత్యం. "ఉప్పుకల్లు నాలిక్కి తగిలిందా, జబ్బు తిరగబెడుతుందమ్మా, ఇక నా చేతుల్లో ఉండదు," అని ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. వేణి వాళ్ళ నాన్న మిల్లు లారీ మీద ఎక్కడెక్కడో తిరిగేవాడు. ఇంట్లో ఉండేది వాళ్ళమ్మ ఒక్కర్తే, మేం అత్తయ్యగారనేవాళ్ళం. వేణి చప్పిడి మెతుకులు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంటే ఆవిడ గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకునేది.

అప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. అది తింటే మేమూ తింటాం, మేం తింటే అదీ తింటుంది. మంగతాయారు సరేనంది. మా నాయనమ్మ ఆవకాయ జాడీ తెరవకుండా ముద్ద ఎత్తని మనిషి. నేను వేరే చప్పిడి వండమంటే, "ఓసి నీ మొహం మండా! కామెర్లు దానికా నీకా?" అని తిట్టింది. తిట్టి, నా కోసం వేరే గిన్నె పెట్టింది. తెల్లారగానే చేలగట్ల వెంబడి మంచులో కాళ్ళు తడుపుకుంటూ నేల ఉసిరి ఏరేవాళ్ళం, కాలవలో కడిగి సన్నికల్లు మీద నూరేవాళ్ళం, బడి విడవగానే మూడు కంచాలు పక్కపక్కన పెట్టుకుని చప్పిడన్నం మజ్జిగతో దిగమింగేవాళ్ళం. వేణి మా మొహాలు చూసి నవ్వేది, నవ్వుతూ నాలుగు ముద్దలు తినేది. ఆ నాలుగు ముద్దలు చూసి నేను ఎంత పొంగిపోయానో! దానికి తగ్గుతుందని నాకు దేవుడి మీద కంటే ఆ చప్పిడి మీదే నమ్మకం.

మధ్యలో ఉగాది వచ్చింది. వేపపువ్వు, కొత్త బెల్లం, చింతపండు, మామిడి ముక్కలు అన్నీ కలిపి, ఉప్పూ కారం మాత్రం వెయ్యకుండా పచ్చడి చేసి ముగ్గురం తిన్నాం. వేణికి అప్పటికే పొట్ట ఉబ్బింది, ఒళ్ళంతా గీరుకుని చారలు పడ్డాయి. కళ్ళ పసుపు ఇంకా ముదిరింది. మందు పనిచేసేటప్పుడు అలాగే ఉంటుందని పెద్దవాళ్ళన్నారు. మేం నమ్మాం.

ఇరవయ్యారో రోజు మధ్యాహ్నం అత్తయ్యగారు నీళ్ళకెళ్ళింది. వేణి మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పుల్లలా ఉంది.

"ఒసేయ్, ఒక్క ఉప్పుకల్లు పెట్టవే. చప్పరించి ఉమ్మేస్తా. ఒట్టు."

మంగతాయారు ఏడుపు మొహంతో నా వైపు చూసి, "పెడదామే, ఒక్కటే కదా," అంది. నాకు చెడ్డ కోపం వచ్చింది. జామెట్రీ బాక్సు బయటికి పట్టుకెళ్ళి పొట్లం విప్పి కాలవలో దులిపేసి వచ్చాను.

"మేం మాత్రం తింటున్నామా ఏంటి? ఇంకా పద్నాలుగు రోజులేగా. ఓర్చుకోలేవా?" అన్నాను.

"సర్లేవే," అంది వేణి. గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో రోజుకి పొంతన లేని మాటలు మొదలయ్యాయి, వాళ్ళమ్మనే నువ్వెవరంది. మిల్లు వాళ్ళ వ్యానులో కాకినాడ తీసుకెళ్ళారు. మర్నాడు సాయంత్రం అదే వ్యానులో తీసుకొచ్చారు.

అరుగు నిండా జనం. మేం గచ్చకాయలాడిన చోటే పడుకోబెట్టారు. ఎవరో ఆవిడ గొంతు తగ్గించి, "ఎక్కడో పత్యం చెడగొట్టుకునుంటుందండి, లేకపోతే ఆయన మందు తప్పుతుందా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళాను.

"లేదండి! ఒక్క ఉప్పుకల్లు కూడా తినలేదు. అడిగిందండి. నేనే పెట్టలేదు," అని అందరికీ వినబడేలా అరిచాను. గొప్పగా చెప్పుకున్నాను. నా స్నేహితురాలి పరువు కాపాడాననుకున్నాను.

అత్తయ్యగారు తలెత్తి నన్ను చూసింది. కాకినాడలో డాక్టరు ఏమన్నాడో అప్పటికి ఆవిడకి తప్ప అక్కడ ఎవరికీ తెలీదు: మొదటి వారంలో తెచ్చుంటే ఆశ ఉండేది, ఉప్పుదేముంది అని.

"పెట్టాల్సింది తల్లీ," అంది ఆవిడ. అంతే. తిట్టలేదు.

ఆ మర్నాడు నాయనమ్మ ఆవకాయ కలిపి ముద్ద నోట్లో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. అమృతంలా ఉంది. ఆ రుచికి పడినంత సిగ్గు నా బతుకులో మరి దేనికీ పడలేదు.

ఆ చేలగట్లు ఇప్పుడు లేవు. సగం చేపల చెరువులైపోయాయి, సగం లేఅవుట్లు. పసరు పెద్దాయన ఎప్పుడో పోయాడు. నేల ఉసిరి పొడి మందుల షాపులో డబ్బాల్లో అమ్ముతున్నారు, మా ఆయన చూపిస్తే మొహం తిప్పుకున్నాను. మంగతాయారు భీమవరంలో ఉంటుంది. ప్రతి ఉగాదికీ పొద్దున్నే ఫోను చేసి, పండగ ముచ్చట్లన్నీ అయ్యాక, "పచ్చట్లో ఉప్పేశావా?" అంటుంది. "ఆఁ, వేశానే," అంటాను. ఆనాడు తను పెడదామందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు గుర్తు చెయ్యలేదు. చేస్తే బాగుండునని నాకుంటుంది.

నాకిప్పుడు బీపీ. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. ఇంట్లో వాళ్ళు రోజూ సతాయిస్తుంటే నిన్నటి నుంచి చప్పిడి మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఒక్కదాన్నే కంచం ముందు కూర్చున్నాను. మజ్జిగ కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే, అటు పక్కా ఇటు పక్కా ఎవరూ లేరు.