శనివారం కదలని కారు

మొన్న కావలి రోడ్డు పక్క షెడ్డులో మా కారుకు బ్యాటరీ మార్పిస్తుంటే, ముక్కు మండించే ఆ యాసిడ్ వాసన నన్ను నలభై ఏళ్లు వెనక్కి లాక్కుపోయింది. బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు మా ఊరు. సరుగుడు తోపులోంచి వచ్చే ఉప్పుగాలి, ఇసుకలో ఎండే నెత్తళ్ల చేపల వాసన, వేసవి సాయంత్రాల తాటిముంజలు, వాటన్నిటి నడుమ ఇంటి వెనక తాటాకు పందిరి కింద, కిటికీలకు పూల కర్టెన్లు కట్టుకుని పెళ్లికూతురిలా నిలబడి ఉండే మా నాయన బాడుగ కారు.

మా తాతను సముద్రం తీసుకుపోయింది. అందుకే మా నాయనమ్మ, మేం జేజి అని పిలిచే ఆ మొండి మనిషి, కొడుకుచేత వల మాన్పించి ఆ పాత కారు కొనిపించింది. పడవకు చేసే మర్యాదలన్నీ దానికీ చేసేది. చెప్పులతో ఎవర్నీ ఎక్కనిచ్చేది కాదు. శుక్రవారం మధ్యాహ్నం తలస్నానం చేసి, స్టీరింగుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కనకాంబరాలు చుట్టి, కళ్లు మూసుకుని లోపలే కాసేపు కూర్చునేది. పడవ చెక్కను కొడితే గంగమ్మకు కోపమని మావాళ్ల నమ్మకం.

అంత సేవ చేయించుకునే కారుకు వింత జబ్బు పట్టుకుంది. శనివారం పొద్దున బాడుగకు బయల్దేరబోతే బ్యాటరీ చచ్చి ఉండేది. ఇసుకలో తోయించలేక నాయన చెమటలు కక్కేవాడు. బ్యాటరీ మార్చాడు, డైనమో విప్పించాడు, అయినా అంతే. "నీ కారుకు శని పట్టిందన్నా" అని మెకానిక్ నవ్వాడు. బాడుగలు వేరేవాళ్లకు పోయాయి. చివరికొక గురువారం నాయన అన్నం కలుపుతూ ఆగి, "ఆదివారం కారు అమ్మేస్తానమ్మా. మామ పడవలో చోటుండాదంట" అన్నాడు. జేజి కంచం పక్కకు జరిపి లేచిపోయింది. మర్నాడు స్టీరింగుకు రెండింతలు పసుపు రాసింది.

ఆ సాయంత్రం నా బంతి కారు కిందికి దొర్లింది. తీసుకుని లేస్తుంటే కర్టెన్ సందులో మసక వెలుతురు కనిపించింది. తలుపు తీస్తే వెలిగే లోపలి దీపమది. తలుపు చూడ్డానికి మూసే ఉంది, ముట్టుకుంటే ఊగింది. జేజి దాన్ని ఏనాడూ గట్టిగా వేయలేదు, అరచేత్తో నిమిరినట్టు నెట్టి వదిలేసేది.

"నాయనా, లోపల లైటు ఎలగతా ఉండాది" అన్నాను.

నాయన వచ్చాడు. దీపాన్ని చూశాడు, స్టీరింగు మీది పసుపును చూశాడు, సీటు మీద రాలిన కనకాంబరాలను ఏరాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి, భయమేసింది.

"జేజికి చెప్పబాక మే" అన్నాడు.

ఆదివారం కారు కొనడానికొచ్చినాయనకు టీ ఇచ్చి పంపేశాడు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం జేజి పూజ ముగించి లోపలికి రాగానే, తను వెళ్లి ఇంజను స్టార్టు చేసి, ఆ మోతలో తలుపు దభీమని వేసేవాడు. జేజి పోయేదాకా అలా వేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడా పందిరి లేదు. సరుగుడు తోపు రొయ్యల గుంటలైంది. తలుపు సరిగా పడకపోతే కొత్త కార్లు వాటంతట అవే కూస్తాయి. బ్యాటరీ మార్పించుకుని ఇంటికెళ్లి, జేజికి చెప్పి ఉంటే ఏం పోయేదని నాయనను అడిగాను.

"నన్ను మళ్లా సముద్రం మీదికి తోలబోయింది తన చెయ్యేనని తెలిస్తే ఆమె తట్టుకునేదా మే" అని, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.