స్క్రూ మిషను నోట్లో కుంకుమ

సాయంత్రం ఫ్యాక్టరీ కూత వినపడితే నేను వేపమండ పట్టుకొని వాకిట్లో నిలబడేదాన్ని. మా ఇంటాయన కుళ్ళాయప్ప వచ్చి రెండు చేతులూ చాపి బొమ్మ మాదిరి నిలబడేవాడు. చొక్కా మీద, చెవుల్లో, కనుబొమ్మల్లో అంతా తెల్లగా బలపం పొడి. రబ్బరు ఒకదానికొకటి అంటుకోకుండా చల్లే పొడి అది. వేపమండతో దులిపితే గాని గడప దాటనిచ్చేదాన్ని కాదు. "మెల్లగ కొట్టు, చొక్కా లోపల మనిషి ఉండాడు" అనేవాడు.

కూత ఇప్పుడూ అదే వేళకు వస్తాంది. వేపమండ తెంపే పనే లేదు. పోయిన వానల్లో జ్వరం తగిలి ఆయన పోయినాడు.

ఆయన ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. అన్నకు కుదిరినట్టు ఆయనకు మగ్గం కుదరలేదు. పట్టుపోగు ఆయన చేతిలో ఊరికే తెగేది. ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తే, హిందూపురంలో రబ్బరు ఫ్యాక్టరీ పెట్టినారని విని, పెనుకొండ మీదుగా బస్సెక్కి వచ్చి స్క్రూ మిషను కాడ పనికి కుదిరినాడు. అది లావుపాటి ఇనుప గొట్టం. దాని లోపల మనిషి తొడంత మర తిరుగుతా ఉంటాది. ఈ పక్క నోట్లో రబ్బరు పట్టీ పెడితే, మర దాన్ని నములుకుంటా తోసుకుంటా పోయి ఆ పక్క బెజ్జంలో నుంచి ట్యూబు చేసి వదులుతాది. ఆస్పత్రులకు పోయే తెల్ల ట్యూబులు.

"మనం మురుకులు ఒత్తినట్టేనా?" అని ఒకసారి అడిగినాను.

"మురుకుల పిండి నువ్వు కలిపి పెడతావు. ఇది కలిపేదీ ఒత్తేదీ రెండూ చేస్తాది. లోపల ఎట్ల కలుపుతాదో మాత్రం ఈడ ఎవురూ చూసినోళ్ళు లేరు" అన్నాడు.

అరవై మూడులోనో, ఆ మరుసటేడో, ఆస్పత్రుల్లో ట్యూబులు నీళ్ళలో ఉడకబెడితే నిలువునా పగిలేది మొదలయింది. పగిలేది ఒకే గీతలో. ఆస్పత్రులవాళ్ళు వెనక్కి పంపినారు. సావుకారు చూసి చూసి, "దసరా అయినాంక ఈ మిషను పీకి అమ్మేస్తాను కుళ్ళాయప్పా. నువ్వు మీ అన్న మగ్గం కాడికి పో" అన్నాడంట. ఆ పొద్దు ఆయన సంగటి ముద్ద పిసుకుతానే కూర్చున్నాడు గాని నోట్లో పెట్టుకోలేదు. అన్న మగ్గం కాడ కూలికి కూర్చోవడం ఆయనకు చావుతో సమానం.

ఆయుధపూజకు ఇంటివాళ్ళను కూడా ఫ్యాక్టరీకి రమ్మన్నారు. మా అత్త హనుమక్క ధర్మవరం నుంచి వచ్చింది. అందరూ మిషన్ల నడుముకు బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి, గుమ్మడికాయ కొట్టినారు. ప్రసాదం తీసుకొని ఇంటికొచ్చేసినాము.

మరుసటి రోజు మధ్యాహ్నం నేనూ అత్తా సంగటి క్యారియరు తీసుకొని పోతే, పూజకు ఆపిన స్క్రూ మిషను అప్పుడే మళ్ళా తిప్పినారంట, దాని చుట్టూ జనం. బెజ్జంలో నుంచి తెల్ల ట్యూబు వస్తాంది, దాని మీద పొడుగునా ఎర్రగా ఒక గీత. రోలర్ల కాడ పనిచేసే గంగాధర నవ్వుతాండాడు: "మీ మిషనుకు పెండ్లయింది పోప్పా, బొట్టు పెట్టుకొని వస్తాంది!"

సావుకారు నవ్వలేదు. "ఎవురు చేసినారప్పా ఈ పని?"

"నేనే నాయనా" అనింది మా అత్త, అదురూ బెదురూ లేకుండా. "నిన్న పూజప్పుడు దాని నోట్లో పిడికెడు కుంకుమ పోసినా. మగ్గానికైతే పోగును మోసుకొని పోయే నాడెకే పెడతాము బొట్టు. నైవేద్యం నోటికి పెట్టక నడుముకు పెడతారా?"

"నీకు దండం పెడతా అవ్వా, దానికి అజీర్తి చేసింది" అన్నాడు సావుకారు.

మా ఇంటాయన చెవిలో ఇదేదీ పడినట్టు లేదు. ట్యూబు చేతిలోకి తీసుకొని ఎర్రగీత మీద వేలు పెట్టి, "పగిలేదీ ఈ గీతలోనే" అన్నాడు. మిషను ఆపేసి, గొట్టం మీద నీళ్ళు పోసి చల్లార్చినాడు. బెజ్జం ఉండే ముందు తల విప్పి, గంగాధరా ఆయనా వెనక నుంచి తోస్తే మర మెల్లమెల్లగా బయటికి వచ్చింది, రబ్బరు చుట్టుకొనే. చెట్టుకు పాము చుట్టుకున్నట్టు.

ఆ రబ్బరును ఊడదీసి, కత్తికి నీళ్ళు తడుపుకుంటా ముక్కలు కోసినాడు. నోటి పక్క ముక్కలో కుంకుమ ముద్దగా ఉంది. తరువాత ముక్కలో దానికి తోక వచ్చింది. ఆ తరువాత తోక వంగి, తన మీద తనే చుట్టుకొని సుడి అయింది. ఇంకా ముందుకు పోతే వేలిముద్ర మాదిరి సన్న సన్న వరసలు, ఎర్రదీ తెల్లదీ, ఎర్రదీ తెల్లదీ. ఏ చేతి పని అది? రబ్బరు తిన్నగా ముందుకు పోదంట. గొట్టం గోడ కాడ ఒక పక్కకు, మర అడుగున ఇంకో పక్కకు తిరుగుతా, తిరుగుతానే ముందుకు పోతాదంట. మూసిన ఇనుములో, ఎవురూ చూడని చీకట్లో, దినదినమూ ఇంత ముగ్గు పడతాందా అని నేను ముక్క వెనక ముక్క తిప్పి చూసినాను. అత్త అయితే చెంపలేసుకొనింది.

"నడుమ సూడండి" అన్నాడు ఆయన. ప్రతి సుడి నడుమా ఎర్రచుక్క ఒకటి కరగకుండా నిలిచి ఉంది. "చుట్టూ అంతా తిరుగుతాంది, నడుమది మాత్రం కలవకుండానే బయటికి పోతాంది. రబ్బరును గట్టిపరిచే మందు కలవని చోటే పగులుతాంది."

సావుకారు ఆ ముక్కను చానాసేపు చూసినాడు. బెజ్జం వెనక సన్న జల్లెడ ఒకటి బిగించమన్న మాట సావుకారుదే. దారి ఇరుకయితే రబ్బరు తొందరగా బయటపడలేక మరలోనే ఇంకా నాలుగు సుళ్ళు తిరుగుతాదని. గంగాధర రబ్బరును రోలర్ల మీద బాగా వెచ్చచేసి ఇచ్చినాడు. మా ఇంటాయన పట్టీ సన్నగా కోసి, మర వేగం తగ్గించి, తల్లి పక్క తిరిగినాడు.

"అమ్మా, ఇంకో పిడికెడు వెయ్యి. నీ చేత్తోనే."

అత్త కండ్లు మూసుకొని వేసింది. అందరమూ బెజ్జం కాడ నిలబడినాము. గీత రాలేదు. ట్యూబు మొత్తం తామరరేకు మాదిరి, ఒకే తీరు గులాబీ రంగులో వచ్చింది. "ఆస్పత్రికి ఇయ్యే పంపిద్దామా?" అని సావుకారు మొదటిసారి నవ్వినాడు. మిషను ఆడనే ఉండిపోయింది. మేమూ ఈడనే ఉండిపోయినాము.

ఆ ముక్కల్లో ఒకటి ఆయన ఇంటికి తెచ్చి గోడగూట్లో పెట్టినాడు. అది ఉడికి గట్టిపడని పచ్చి రబ్బరు, ఊరికే వదిలేస్తే దేన్నయినా అంటుకుంటాది. అందుకని శుక్రవారం శుక్రవారం దాన్ని తీసి, బలపం పొడి అద్ది మళ్ళా పెట్టేవాడు. ఆయన పోయినాంక ఆ పని నేను చేస్తా వచ్చినాను.

మొన్న ఆయన అన్న, మా బావ ధర్మవరం నుంచి వచ్చినాడు. "ఒక్కదానివే ఈడ ఏం చేస్తావమ్మా, సామాను కట్టుకో, ఆయుధపూజకల్లా మా ఇంటికే వచ్చెయ్యి" అన్నాడు. మంచి మాటే. సంగటి పెట్టి, సాయంత్రం బస్సెక్కించి వచ్చినాను.

నిన్న శుక్రవారం. ఇల్లు కడిగినాను, గూడు తుడిచినాను. సుడి నడుమ ఎర్రచుక్క అట్లే ఉంది. పొడి డబ్బా పక్కనే ఉంది, నిండుగానే ఉంది. మూత తీయలేదు. ముక్కను పొడి లేకుండానే మళ్ళా గూట్లో పెట్టినాను. పట్టుకోనీ ఈ గోడను.