వర్నెల్‌గారి పిప్పరమెంటు

అలబామాలో మా కాలేజీ అమ్మాయిలు అక్కచెల్లెళ్లుగా చేరే సంఘాన్ని పెట్టినవాళ్లలో బతికున్నది వర్నెల్‌గారొక్కరే. ఏటా సంఘం పుట్టినరోజున తెల్ల చేతితొడుగులతో ముందు వరుసలో కూర్చుని, పిప్పరమెంటు చప్పరిస్తూ, జడ్జీలూ డాక్టర్లూ అయిన మా సభ్యురాళ్ల గొప్పలు వింటూ కునుకు తీస్తారు. ఈసారి, తెల్లబట్టల్లో కొవ్వొత్తులు పట్టుకుని హంసల్లా నిలబడ్డ మేము, ఏ ఆశయంతో సంఘం పెట్టారని అడిగాం.

"ఆశయమా, నా మొహమా! మా అమ్మలు ఊళ్లో బట్టలుతికేవాళ్లని అప్పటికే కాలేజీలో ఉన్న పాత సంఘంవాళ్లు మమ్మల్ని చేర్చుకోలేదు. ఉక్రోషంకొద్దీ పెట్టాం. అవునూ, ఈ ఏడు చేరతామని వచ్చినవాళ్లలో మీరెంతమందిని వద్దన్నారు?"

"సగం మందిని పంపేశాం," అన్నాం గర్వంగా. "ఎంపిక కోసం పెట్టిన టీ విందులో కప్పు పట్టుకోవడం కూడా రాదండీ వాళ్లకి!"

ఆవిడ ఇంకో బిళ్ల నోట్లో వేసుకున్నారు.

"అయితే ఈపాటికి ఏ హాస్టల్ గదిలోనో ఇంకో సంఘం పుట్టే ఉంటుంది."